బాబా వేళ్ళకోసం కుట్టిన ఇల్లు

"అవ్వా, ఫోనులో రికార్డింగు ఆన్ చేసినా. ఈ పటాల్లో ఉండే ఇంటి గురించి చెప్పు. అబ్లా నూరాను అడిగితే, 'నేను చెప్పలేను, ఉమ్ రేష్మను అడుగు' అనింది."

అంటాది, అంటాది. ఆ పటాలన్నీ గీసింది ఆయమ్మే, నోటితో చెప్పమంటే మాత్రం లేసి పోతాది. ఇప్పుడు చూసినావు గదా, చాయ్ పెడతానని లోపలికి పోయింది. చాయ్ పెట్టేదానికి అంతసేపా? పోనీలే. ఆడ కూచోనీ.

మెల్లగా మాట్లాడినా పడతాదా దాంట్లో? సరే. నువ్వు ప్రొద్దుటూరు అంటివి గదా పాపా, ప్రొద్దుటూరులో యాడ? మా చిన్నమ్మ కూతుర్ని ఆ ఊరికే ఇచ్చిరి. దాని మొగుడికి గుడ్డల అంగడి ఉండ్య, శివాలయం వీధిలోనో... ల్యా, ఆడ గాదు, దాని ముందు సందులో. సరేలే, నీకేం తెలుస్తాది, నువ్వు అప్పటికి పుట్టింటావో లేదో. ముసిలిదాన్ని, యాడికో పోతాంటాను. నువ్వే గుంజుకోని రావాల నన్ను.

మాది రాయచోటి పక్కన పల్లె. దూదేకులోళ్ళం. పేరేమో మస్తానమ్మ, ఈడోళ్ళకు నోరు తిరగదు. ఈడ ఆడమనిషిని బిడ్డ పేరు పెట్టి పిలుస్తారు, ఫలానా బిడ్డ తల్లీ అని. నా కూతురు రేష్మ, అందుకని నేను ఉమ్ రేష్మ. మొదట్లో ఎవురినో పిలుస్తాండారని పలకకుండా ఉంటాంటి. అరబ్బీ రాదు, ఉర్దూ రాదు. నువ్వు నవ్వుతావు, సాయిబుల మనిషికి ఉర్దూ రాకపోవడమేందని. మా ఇండ్లల్లో తెలుగే కదమ్మా. ఉర్దూ నాకు ఈడికొచ్చినాకే వచ్చె, పాకిస్తానీ డ్రైవరుతో కొట్లాడి కొట్లాడి.

మా పని పరుపులు కుట్టడం. మా ఆయన విల్లుతో దూది ఏకుతాంటే, నేనూ మా అత్త పరుపులకూ బొంతలకూ కుట్లేస్తాంటిమి. ఆ స్పాంజి పరుపులొచ్చినాక మమ్మల్ని పిలిచేవాళ్ళే లేకపోయిరి. మా ఆయనకు చూస్తే ఊపిరితిత్తుల్లో దూది దుమ్ము. పోయినాడు. రేష్మను మా అక్క దగ్గర వదిలి నేను ఇట్ల వస్తి. అదంతా ఇంగోతూరి చెప్తాలే. దానికిప్పుడు మనమళ్ళు గూడ... అదే, ఇంటి సంగతి.

సౌదీ అంటే ఇసుక, ఎండ అని అందరూ చెప్పిరి. నేను ఒక స్వెటరు గూడ తెచ్చుకోలేదు. జెద్దాలో దిగినాక కారులో కొండ మీదికి, ఈ తాయిఫ్‌కు, ఎక్కిస్తిరి. మన గువ్వలచెరువు ఘాటు ఉండాదే, దానికి నాలుగింతలు. రోడ్డు పక్కన కోతులు కూచోనుండాయి, ముందర పొగమంచు. అల్లా, ఈళ్ళు నన్ను యాడికి తీసకపోతాండారు అనుకుంటి. ఇంటి ముందర దిగేసరికి పండ్లు టకటకమని కొట్టుకుంటాండాయి. అప్పుడు తలుపు తెరిచి ఒకాయన వచ్చె. పొడుగ్గా, తెల్లగడ్డం. ఒక మాట మాట్లాడకుండా ఒంటి మీది ఉన్ని శాలువా తీసి నా చేతికిచ్చె. ఆయప్పే బాబా. ఈ దేశంలో ఇంటాయన్ని బాబా అంటారు లే. ఇంటామె అప్పటికే లేదు, పోయి శానా ఏండ్లు. ఇంట్లో ఉండేది ఆయనా, కూతురు నూరా. అమ్మాయిల ఇస్కూల్లో బొమ్మలేసే టీచరమ్మ. టీచరును అబ్లా అంటారు, నేనూ అట్లే అలవాటు పడితి.

శాలువా ఇచ్చినాడు అంటి గదా. నా పక్కకు సరిగ్గా చూడలేదు ఆయప్ప, నా భుజం పక్కన గోడకేసి చూస్తాండ్య. గీర ఎక్కువేమో అనుకుంటి. లోపలికి పోయినాక అబ్లా చెప్పె, నాయనకు చూపు లేదు అని. నాకు నమ్మకం కాలేదు. మెట్లు దిగి వచ్చినాడు, గడప దాటినాడు, చలికి నా పండ్లు కొట్టుకుంటాండేది విని శాలువా ఇచ్చినాడు. చూపు లేనోడు చేసే పనులా అవి?

ఆ ఇంట్లో అంతే పాపా. ఆ ఇంట్లో ఉన్నంతసేపు ఆయనకు కండ్లు ఉన్నట్లే. పుట్టింది ఆడ, వాళ్ళ నాయన కట్టించిన ఇల్లది. రాయి ఇల్లు, మిద్దె మీద మిద్దె, దాని మీద ఇంగో మిద్దె. గోడలు ఎంత లావంటే కిటికీ గూట్లో నేను కాళ్ళు ముడుచుకోని పండుకుంటాంటి. రాళ్ళ వరసల నడుమ అడ్డంగా కొయ్యలు పెట్టినారు, కొండ మీద దొరికే కొయ్య, ఒకరకం వాసన. పాత ఇండ్లు గీసే మీ ఆఫీసోళ్ళకు దాని పేరు తెలిసే ఉంటాది. ముందర పక్క కిటికీలు గోడలోనించి బయటికి పొడుచుకోనొచ్చి, పెద్ద పెట్టెల మాదిరి, నిండా నగిషీ. రోషన్ అంటారు. లోపల కూచుంటే మనకు వీధి కనపడతాది, వీధికి మనం కనపడం. ఒకనాడు నేను దాన్ని తుడుస్తాంటే బాబా అనె: "అది మీ దేశపు టేకు. ఓడలో వచ్చింది, నీ మాదిరే."

"నేను విమానంలో వస్తి బాబా" అంటి.

ఎంత నవ్వినాడో. వచ్చినోళ్ళందరికీ చెప్పె ఆ మాట. నా అరబ్బీకి నవ్వినాడో, మాటకు నవ్వినాడో.

చుట్టాలొస్తే గహ్వా, అదే ఈళ్ళ కాఫీ, ఆయనే పోస్తాండ్య, చుక్క కింద పడదు. ఆ మెట్లు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, కండ్లుండే నేనే రెండుతూర్లు పడితి. ఆయప్ప గోడకు అరచెయ్యి ఆనించి సరసరా పైకి పోతాండ్య. పైన ఆకాశం కనపడే మిద్దె, చుట్టూ పిట్టగోడకు రంధ్రాలు. ఎండాకాలం ఆడనే పడకలు. గులాబీల కాలంలో కొండమీద తోటల్లోనించి గాలి వస్తాది చూడు, ఆయన మంచం మీద లేసి కూచోని, "ఈపొద్దు ఫలానావాళ్ళ తోటలో కోస్తాండారు" అంటాండ్య. నిజమో అబద్ధమో ఎవురు పోయి చూసినారు?

అప్పట్లో రియాలుకు నాలుగు రొట్టెలు పాపా, ఈ చెయ్యంత వెడల్పు. పొద్దన్నే బాబా నేనూ పోయి తెస్తాంటిమి. ఇంటినించి రొట్టెల కొట్టుదాకా గూడ ఆయనే దారి, నేను ఎనకాల.

సరే. ఇల్లు యట్ల పోయిందో చెప్పాల గదా.

ఆ ఇల్లు బాబా ఒక్కరిది గాదు. అన్నదమ్ములందరిదీ. వాళ్ళు పోయిరి, వాళ్ళ పిల్లోళ్ళకు పాళ్ళు. జెద్దాలో కొందరు, రియాద్‌లో కొందరు, అందరూ అమ్ముదాం అంటాండ్రి. బాబా కొడుకు సాలిం, అబ్లాకు అన్న, ఖోబర్‌లో కంపెనీలో పెద్ద పని. నాయన బదులు సంతకం పెట్టే హక్కు ఆయనకే ఉండ్య. శానా ఏండ్లు ఆపుకుంటా వచ్చినాడు, చెడ్డోడు గాదు. ఆ ఏడు మాత్రం వానలు ఎక్కువ పడె. ఎనక గోడ ఉబ్బె, కడుపుతో ఉండే ఆడదాని మాదిరి. ఇంజనీరును పిలిపిస్తే, ఇంట్లో మనుషులు ఉండకూడదని చెప్పిపాయ.

సాలిం వచ్చినాడు. వంటింట్లో కూచోనిరి అన్నా చెల్లెలు, బాబా పైన నిద్దరపోతాంటే. నేను ఆడనే కూర తరుగుతాంటి.

"ఇంగో వానకు కూలితే? నాయన దాని కింద ఉంటే?" అనె సాలిం.

"బాగు చేయిస్తాం."

"మనం ఒప్పుకుంటే చాలదు నూరా. మిగతావాళ్ళు ఒప్పుకోరు. అమ్మకం అయిపాయ. కొన్నాయన పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతాడంట."

అబ్లా అరుస్తాదేమో అనుకుంటి. అరవలేదు. చేతిలో ఖర్జూరం గింజ ఉండ్య, దాన్నే తిప్పుతా తిప్పుతా ఉండ్య. ఆమైన అడిగె: "నాయనకు ఎవురు చెప్తారు?"

సాలిం తల వంచుకునె. "డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసు. ఆ గుండెకు ఈ మాట చెప్పలేను నేను. చలికాలం నా దగ్గరికి తీసకపోతా. ఇల్లు రిపేరు అని చెప్దాం."

"ఆమైన?"

"ఆమైన అల్లా ఉండాడు."

చెల్లెలు అనింది గదా: "సరే. చలికాలం దాకా ఇల్లు నాకియ్యండి. నేను దీన్ని కాగితం మీద పెట్టుకుంటా."

ఎండాకాలం సెలవుల్లో మొదలుపెడితిమి. ఇస్కూల్లో బొమ్మలేయడం వేరు, ఇల్లు కొలిచి గీయడం వేరంట గదా. ఆయమ్మకు మొదట్లో రాలేదు. పుస్తకాలు తెప్పించుకునె, ఫోనులో చూసి నేర్చుకునె, గీసింది చింపె, మల్ల గీసె. నేను టేపు ఒక కొన పట్టుకుంటాంటి, ఆయమ్మ ఇంగో కొన. పొద్దన ఒక గది, మధ్యాన్నం నిద్దర, ఎండ తగ్గినాక ఇంగో గది. మూలలు సమంగా లేవు ఆ ఇంట్లో, ఒక పక్క కొలిచి ఇంగో పక్క అంతే అనుకుంటే కుదరదు. ఆయమ్మకు ఏడుపొస్తాండ్య. కోపమొచ్చి ఒకతూరి టేపు వదిలేసె, అది సర్రున వచ్చి నా మోచేతికి తగిలె. నేను తిడితి, తెలుగులో. ఏమన్నావు అనె. ప్రార్థన చేస్తాండా అంటి. ఇద్దరమూ మెట్ల మీద కూలబడి నవ్వితిమి.

ఒకనాడు అడిగితి: "పడగొట్టేదానికి ఇంత కష్టమేంది అబ్లా?"

గోడకు చెయ్యి పెట్టి అనె: "మా తాత ఎవురో నాకు ఫోటో గూడ లేదు ఉమ్ రేష్మా. అమ్మ మొగం నాకే సగం మర్చిపాయ. దీన్ని గూడ అట్ల పోనియ్యమంటావా?"

నేను మల్ల టేపు పట్టుకుంటి.

బాబాకేమో, సున్నం కొట్టించేదానికి కొలుస్తాండాం అని చెప్తిమి. ఆయప్పకు ఎంత సంతోషమో! మా ఎనకాలనే వస్తాండ్య గది గదికీ. "ఈ గూడు మా అమ్మ అద్దం పెట్టుకునేది." "ఈ తలుపు మా చిన్నాయన పెండ్లికి మార్చినారు." "ఈడ సున్నం జాగర్తగా కొట్టమనండి, కింద పాత నగిషీ ఉంటాది." అబ్లా రాసుకుంటాండ్య. రాస్తా రాస్తా గోడపక్కకు తిరిగి కండ్లు తుడుచుకుంటాండ్య, చూపు లేని మనిషి దగ్గర గూడ దాచిపెట్టి.

చలి మొదలుకాంగానే తీసకపోయిరి. నన్ను గూడ తోడు పంపిరి, అబ్లాకు ఇస్కూలు ఉండాదని తాయిఫ్‌లోనే ఉండె. గడప దాటేటప్పుడు బాబా తలుపుకొయ్య మీద చెయ్యేసి, "గులాబీల నాటికి వస్తాం" అనె. కూతురు "ఇన్షా అల్లా" అనె. ఆ మాటొకటి ఉండాది గదా, అబద్ధం గాదు, నిజమూ గాదు. అది లేకపోతే ఆపొద్దు ఆయమ్మ ఏం మాట్లాడేది?

ఖోబర్‌లో అల్ అజీజియా అనే పేట. కొత్త ఇల్లు, మంచి ఇల్లే. నున్నటి టైల్సు, ఏసీ, అద్దాల తలుపులు. సాలిం పెండ్లాం గూడ మంచిది, మామను కన్నతండ్రి మాదిరి చూసె. ఏం లాభం? గోడలన్నీ ఒక్కటే మాదిరి, చేతికి ఏమీ చెప్పవు. మొదటి దినమే అద్దం తలుపుకు నొసలు కొట్టుకునె, రక్తం కారె. గుసులుకు, అదే నీళ్ళు పోసుకునేదానికి, పోవాలంటే నన్ను పిలిచె. ఒకతూరి నన్ను పిలవడానికి సిగ్గుపడి తనే పోయి, బట్టలు పెట్టే గదిలో దారి తెలియక నిలబడిపోయినాడు. నేను పోయి చూస్తే వేలాడే చొక్కాల నడుమ నిలబడుకోని, "ఎవురన్నా ఉండారా?" అంటాండాడు, మెల్లగా. అంత మనిషి.

ఆమైన కుర్చీలోనించి లేయడమే మానేసె. ఆపొద్దుదాకా నేను ఆయప్పను గుడ్డోడని అనుకోలేదు పాపా. ఆపొద్దు అనుకుంటి.

ఇల్లు పడగొట్టేనాడు అబ్లా నాకు ఫోను చేసె. మధ్యాన్నం. నేను బట్టలారేసే బాల్కనీలోకి పోతి. "ముందు రోషన్లు ఊడదీసినారు" అనె. "వాటిని ఎవురో కొనుక్కోని పోయినారు. ఇప్పుడు మిషను వచ్చింది." ఫోనులోనే ఆ సప్పుడు వినపడె నాకు. రాళ్ళు పడతాంటే వచ్చే సప్పుడు ఉంటాది గదా, అది. ఆయమ్మ వీధి అవతల నిలబడుకోని ఉంటాది, నేనేమో తడిగుడ్డలు పట్టుకోని ఈడ. శానాసేపు అట్లే.

లోపలికొస్తే బాబా అడిగె, ఫోను ఎవురని. మా అక్క అంటి. "అంతా బాగుండారా?" అనె. బాగుండారు అంటి.

ఈద్‌కు అబ్లా వచ్చె, చంకలో పెద్ద గొట్టం, దాంట్లో ఈ పటాలే. నాయన ముందర నేల మీద పరిచె. ఆయన చెయ్యి పట్టుకోని కాగితం మీద పెట్టి, "నాయనా, మన ఇల్లు గీసినా" అనె. ఆయప్ప తడిమినాడు. పైనించి కిందికి, కిందినించి పైకి. కాగితం నున్నగా ఉంటాది గదా. "బాగుండాది తల్లీ, బాగుండాది" అనె. ఆయమ్మ మొగం చూడలేకపోతి నేను. అంత కష్టపడి గీసింది, ఆ గదులన్నీ చెప్పినాయనకు అది ఒట్టి కాగితం.

మరుసటి దినం నేను కూచోని సాలిం పిలగాళ్ళ దుప్పటికి కుట్టేస్తాండా. అలవాటుగా ఎడమచేత్తో కుట్టు తడుముకుంటా పోతాండా, మా అత్త నేర్పినట్ల, చూడకుండా. అప్పుడు అనిపించె. అబ్లాను పిలిచి అంటి: "కాగితం తడిమితే తెలియదు. బొంత తడిమితే తెలుస్తాది. నువ్వు గుడ్డ మీద గీసియ్యి, నేను కుడతా."

నన్ను అట్లే చూసె. ఆమైన గట్టిగా కరుచుకునె నన్ను, నా చేతిలో సూది ఉండ్యే, పొడుచుకుంటాదేమో అని నా భయం నాది.

సెలవు పెట్టుకోని ఉండిపాయ ఆయమ్మ. మిద్దెకొక పట్టీ, అన్నీ కలిపి ఒకటే బొంత అనుకుంటిమి. గోడలకు లావు దారం, రెండు పేటలు కలిపి. తలుపు ఉండేచోట కుట్టు ఆపేయడం, సందు. మెట్లకు దగ్గర దగ్గరగా గట్లు గట్లుగా కుడితి. కిటికీలకు చిన్న చిన్న ముళ్ళు. పై మిద్దెకు గరుకు గుడ్డ వేస్తిమి, కాలికి ఆ నేల అట్లే గరుగ్గా ఉంటాండ్య. మంచిగా వచ్చిందని చెప్పను, ఒక మూల ముడతపడె. ఏ మూలో చెప్పనులే, నువ్వే చూస్తావు.

బాబా ఒళ్ళో పెడితిమి. ఆయమ్మ ఏమీ చెప్పలేదు ఈతూరి. ఆయన వేళ్ళు ఊరికే తిరుగుతాండాయి, తిరుగుతాండాయి, తలుపు సందు దగ్గర ఆగె. లోపలికి పోయె. అల్లా సాక్షిగా చెప్తాండా, ఆ వేళ్ళు లోపలికి పోయినాయి. "ఇది..." అనె. కుడిపక్కకు తిరిగె, మజ్లిస్, మగోళ్ళు కూచునే గది. ఆడనించి మెట్లు. ఒక్కొక్క కుట్టూ ఎక్కుతా ఎక్కుతా పోయె. పైన ఒక గది ముందర ఆగి, అట్లే వేలు పెట్టుకోని, "అమ్మా" అనె. గడ్డమంతా తడిసిపాయ. అబ్లా ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకునె.

ఆ దినంనించి మనిషి మారిపాయ. కుర్చీలో అయితేనేం, దినమూ ఇంటికి పోయొస్తాండ్య. ఎవురొచ్చినా ఆ బొంత పరుచుకోని చెప్తాండ్య. కూతురు ఫోను చేస్తే, "ఈపొద్దు కింద గోదాములోకి పోయినా, ఆడ మా నాయన తేనె కుండలు..." ఆయమ్మ తాయిఫ్‌లో కూచోని రాసుకుంటాండ్య. నీ దగ్గరుండే ఈ పటాల మీద రాతలు ఉండాయే, గది పక్కన గది కథ, అవన్నీ అట్ల వచ్చినవే.

ఒకనాడు పగలు, సాలిం వాళ్ళు ఎవురూ లేరు. నేను బియ్యం ఏరుతాండా. ఆయప్ప బొంత మీద చెయ్యి పెట్టుకోని, మామూలుగా, నీళ్ళడిగినట్ల అడిగె:

"పూర్తిగా పడగొట్టినారా ఉమ్ రేష్మా? రాళ్ళన్నా మిగిలినాయా?"

నా చేతిలో చాట ఆగిపాయ. చెప్పొద్దని సాలిం మాట తీసుకోనుండె నా దగ్గర.

"చెప్పొద్దులే, నీకెందుకు కష్టం. నాకు ఇది ఒళ్ళో పెట్టిననాడే తెలుసు. నిలబడుండే ఇంటిని ఎవురన్నా గుడ్డ మీద కుట్టి తెస్తారా? చెయ్యి పట్టుకోని తీసకపోతారు."

నేను ఏడుస్తాంటి. ఆయన ఏడవలేదు. బొంత మడత సవరించుకుంటా అనె: "నూరాకు చెప్పకు. నాకోసం ఆ పిల్ల దాన్ని పడిపోకుండా పట్టుకోనుండాది. నాకు తెలుసంటే చేతులు వదిలేస్తాది."

ఇంగ చూడు నా గతి. కూతురేమో తండ్రి దగ్గర దాచె, తండ్రేమో కూతురి దగ్గర దాచె, నడుమ నేను. ఆయమ్మ ఫోనులో "సున్నం కొడతాండారు నాయనా" అంటాది. ఆయప్ప "తెల్లగా కొట్టమను" అంటాడు. ఇద్దరి మొగాలూ తెలిసినదాన్ని నేను, చెంబు తీసుకోని వంటింట్లోకి పోతాంటి.

రెండో చలికాలంలో పోయినాడు. నిద్దరలోనే, పొద్దన నమాజుకు లేపుదామని పోతే... బొంత పక్కనే ఉండ్య. అబ్లా విమానం ఎక్కి వచ్చేసరికి కడిగి తెల్లగుడ్డ చుట్టినారు. బొంతను గూడ నాయనతో పెట్టండి అనె ఆయమ్మ. మగోళ్ళు కుదరదనిరి, తెల్లగుడ్డ తప్ప ఏమీ పోకూడదు గదా. దాన్ని ఒళ్ళో పెట్టుకోని కూచునె మూడు దినాలూ.

మూడో దినం నన్ను పక్కన కూచోబెట్టుకోని అనె: "ఇల్లు ఉండాదనుకుంటానే పోయినాడు. మా నాయనకు నేను జీవితంలో చెప్పింది ఒకటే అబద్ధం, అది చివరిదాకా చెప్పినా. రేపు అల్లా ముందర నాయన నన్నడిగితే ఏమనాల?"

తిండి లేదు, నిద్దర లేదు, మనిషి సగమైపాయ. చెప్పొద్దని ఆయప్ప మాట. చెప్పకపోతే ఈ పిల్ల ఉంటాదో పోతాదో. నేను ఎక్కువ ఆలోచన చేయలేదు పాపా. చెప్తి. మొత్తం చెప్తి.

"ఏమన్నాడు? ఆయన మాటే చెప్పు, నీ మాట వద్దు" అనె. నిలబడుండే ఇంటిని ఎవురన్నా గుడ్డ మీద కుట్టి తెస్తారా అన్నాడు, నాకు తెలుసంటే నూరా చేతులు వదిలేస్తాది అన్నాడు అంటి. మల్ల చెప్పు అనె. మల్ల చెప్తి. ఎన్నితూర్లు చెప్పించుకునెనో. ఆమైన మెల్లగా, "అయితే ఆయనే నన్ను ఓదార్చినాడు" అని, అప్పుడు, అప్పుడు ఏడ్చె తల్లీ. ఆ మూడు దినాలూ ఒక్క చుక్క రాలేదు ఆ కండ్లల్లోనించి. తిట్టలేదు నన్ను. ఆ సాయంత్రం ఇంత అన్నం తినె.

మల్ల తాయిఫ్ వస్తిమి. ఇల్లుండే తావులో అపార్ట్‌మెంట్లు లేసినాయి, కింద మందుల షాపు. ఆ వీధి మీద పోదు ఆయమ్మ, కారు నేర్చుకోని గూడ చుట్టు తిరిగే పోతాది. నన్ను ఖురూజ్, అదే ఈ దేశం వదిలిపొయ్యే ముద్ర, కొట్టిచ్చుకోని ఊరికి పోయిరమ్మంటాది, ఇంగ చాలు ఉమ్ రేష్మా అని. పోతా, పోతా అంటాండా. రేష్మ ఎదురుచూస్తాండాది పాపం. చూస్తాం.

ఇంద, ఇదే ఆ బొంత. తీసుకో ఫోటో. వెలుగు చాలదంటే కిటికీ దగ్గరికి పట్టుకో, మడత మెల్లగా ఇప్పు. ఈ నడిమి మిద్దెది చూడు, ఈడ... ఆఁ, ఆడనే. గోడ లేదనుకుంటాండావు గదా? తలుపు గూడ గాదు, ఏమీ లేదు, ఒట్టి సూది రంధ్రాలు. నేను కుట్టడం మర్చిపోలేదు పాపా. అది బాబా వాళ్ళమ్మ గది. దినమూ ఆడికే పోతాండ్య ఆయప్ప, ఎన్ని గదులు తిరిగినా చివరికి ఆడనే వేలు ఆగుతాండ్య. దారం అరిగి అరిగి, ఒకనాటికి రాలిపాయ. మల్ల కుడతా అంటే ఆయన వద్దనె, ఆమైన అబ్లా గూడ వద్దనె.

నువ్వు నీ కాగితం మీద గోడ గీసుకో తల్లీ. గోడ ఉండ్య ఆడ, లావు గోడ, పాలరాతి మాదిరి సల్లగా. కొలతలన్నీ అబ్లా రాసింది. దీని మీద మాత్రం అట్లే ఉండనీ.

అబ్లా వస్తాంది, కండ్లు తుడుచుకోని. చూడనట్ల ఉండు. చాయ్ తాగు, చక్కెర ఎక్కువేస్తాది ఆయమ్మ, ఏమనకుండా తాగు. మీ అమ్మ దగ్గరికి ఎప్పుడు పోతావు నువ్వు? ఈ ఏడన్నా పో. సల్లగుండు పాపా. నువ్వు గీసే ఇండ్లన్నీ నిలబడనీ, నీ చేతికి ఏ నొప్పీ రాకుండా అల్లా... ఏందీ, ఇంగా పడతానే ఉండాదా అది? సరే... సరేలే, పడనీ...